మూడు రంగుల పెన్సిళ్లు

గ్రిమ్స్‌బీ రేవులో గురువారం సాయంత్రం.
గ్రంథాలయం మేడమీది గదిలో
హీటరు పళ్లు కొరుకుతోంది.
మిస్ సవర్బీ పెన్సిళ్లు పంచింది.
నామవాచకం కుర్చీలో కూర్చునే ఉపవాక్యానికి నీలం,
విశేషణం పని చేస్తే ఆకుపచ్చ,
క్రియకు ఎప్పుడో ఎక్కడో ఎందుకో చెబితే ఎరుపు.
"ఒంటరిగా నిలబడలేనిదేదో ముందు పట్టుకోండి," అంది,
"రంగు సంగతి తర్వాత."

పట్టుకోవడం డైవాకి వచ్చు.
పొద్దంతా కాడ్ చేపల్లో ముళ్లు తడిమి తీసే వేళ్లు.
వాక్యం మీద వేలు జరుపుకుంటూ పోయి
బికాజ్ దగ్గర ఆగింది.
గుచ్చుకున్నట్టుంది.
అక్కణ్ణించి చుక్క దాకా ఎర్రగా గీసేసింది.

తెస్ఫాలెం కాగితం నిండా సగం సగం వాక్యాలే.
ఉత్తరం వస్తే.
నా భార్యకు వీసా దొరికాక.
ఆరు నెలలే అని చెప్పినా.
ఒక్కోదాని చివరా ఫుల్‌స్టాప్, కాగితం చిల్లు పడేట్టు.
టీచరు ఆ చుక్కలకు చిన్న చిన్న తోకలు తగిలించి
కామాలు చేసింది.
"తర్వాత ఏమవుతుందో రాయాలి కదా?"
"అదే తెలీదు, మిస్."

చిన్నప్పుడు బెత్తం భయానికి నేను వల్లించినవే ఇవి:
వస్తే, చేదర్థకం. చెప్పినా, అప్యర్థకం.
మనకు ఎదురుచూపు క్రియ తోకలో ఉంటుంది.
వీళ్లకు ఇఫ్ అనీ ఆల్దో అనీ
గుమ్మంలోనే గొడుగు పట్టుకుని నిలబడుతుంది.

చివరి బల్ల దగ్గర క్లిఫర్డ్ బ్లాంచర్డ్.
డెబ్బై ఒకటి. ఈ రేవువాడే.
పదిహేనో ఏట ట్రాలర్ ఎక్కి
రాత నేర్చుకోకుండానే దిగినవాడు.
అతనివి మూడు వాక్యాలు, మూడింట్లోనూ ఒకటే ముక్క:
వేర్ ఐ వజ్ బార్న్.

నేనెక్కడ పుట్టానో అందరికీ తెలుసు.
నేను పుట్టిన వీధిని పడగొట్టారు.
నేను పుట్టినచోట ఇప్పుడు కార్లు నిలుపుతారు.

"అవే నాలుగు మాటలు. ఒక్క అక్షరం మారలేదు.
మూడు రంగులెట్లా వేస్తాం?"

"మాటల్ని చూడకు, క్లిఫ్.
అవి ఎవరికి పని చేస్తున్నాయో చూడు.
ఏం తెలుసు? ఏ వీధి? ఎక్కడ నిలుపుతారు?"

అతను గడ్డం గోక్కున్నాడు. కిటికీ వైపు చూశాడు,
అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.
"పడవ మీద నేనూ అంతే.
వంటగదిలో ఒక పేరు, డెక్కు మీద ఒకటి,
వల చిరిగితే ఇంకోటి.
చలికి వణికింది మాత్రం ఒక్కణ్ణే."

నీలం గీశాడు. ఆకుపచ్చ గీశాడు.
మూడోదాని దగ్గర ఎర్ర పెన్సిలు ముక్కు విరిగింది.
డైవా తలెత్తకుండానే
తనది బల్ల మీదుగా జరిపింది.

ఎనిమిదైంది. మగ్గులు కడిగే వంతు నాది.
వెనక్కి తిరిగి చూస్తే
తెస్ఫాలెం ఇంకా కామా దగ్గరే ఉన్నాడు,
పెన్సిలు చెక్కుకుంటూ.