పదిహేడో కర్బనం

ఆగస్టంతా మత్తికెరెలో ముసురు.
నా అద్దెగది గోడ మీద బూజు
రూపాయి బిళ్ళంత మొదలై
పళ్ళెమంత అయింది.
బ్లీచింగ్ పౌడరుకి రెండు రోజులు తలవంచి
మూడోరోజు మళ్ళీ తలెత్తింది.
దాని మీద నాకు కోపం లేదు.
నా స్టైపెండ్ వచ్చేదే
దాని శత్రువు పేరు మీద.

ఆ శత్రువుని, ఎక్కడో తడిమట్టిలో
కంటికానని ఓ జీవి
ఒక్క రాత్రిలో చేసి పడేస్తుంది,
చేతికి తొడుగు లేకుండా
గైడుకి సంజాయిషీ లేకుండా.
నాకు నాలుగేళ్ళ మూడు నెలలు,
ముప్పై ఒక్క మెట్లు.
ప్రతి మెట్టు మీదా కొంత ఒలికింది.
అరకిలో పొడితో మొదలుపెడితే
చివరికి సీసా అడుగున
పెట్టి చెరిపిన పసుపు బొట్టంత.
నాలుగు మిల్లీగ్రాములు.

ఆ ఆఖరి మెట్టు రాత్రి
వెలుతురు తగిలితే విరిగిపోతుందని
ల్యాబ్‌లో దీపాలార్పి
ఫ్లాస్కుకి రేకు చుట్టి కూర్చున్నాను.
బారుగా సాగిన గొలుసు
తన తోక తానే అందుకుని వలయమవ్వాలి.
పక్కదాని తోక పట్టుకుందా,
అంతా జిగురు.
అందుకే పలచగా, ఇంకా పలచగా,
చుక్కకీ చుక్కకీ మధ్య పన్నెండు లెక్కపెట్టి...

గాజు ఊదే మునిరాజు తలుపు సందులోంచి,
సగం కన్నడం, సగం చిత్తూరు తెలుగు:
"ఏం మేడమ్, మందు అయిందా?"
చెప్పు విడిచి బొటనవేలు చూపించాడు.
గోరు మొద్దుబారి, పాత చింతపండు రంగులో.
"మందు కాదన్నా,
ఇది మీ గోటికి పూయడానికైనా చాలదు."
"మరి ఎందుకు?"
మీరు ఊదిన గాజులోనే చేస్తున్నానన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం స్పెక్ట్రం వచ్చింది.
మట్టిలోంచి తీసినదాని పటాన్నీ నా పటాన్నీ
ఒకదాని మీద ఒకటి పెట్టి
కిటికీ అద్దానికి ఆనించాను.
ఒక్క శిఖరం
వెంట్రుకవాసి పక్కకి జరిగింది.

నెలంతా నా చేతుల్నే అనుమానించాను.
తర్వాత తేలింది,
ముప్పై ఏళ్ళ కిందట దాని బొమ్మ గీసినవాళ్ళు
పదిహేడో కర్బనం దగ్గర
పైకి ఎత్తాల్సిన చేతిని కిందికి గీశారు.

అంటే నేను చేసింది
లోకంలో ఎక్కడా లేనిది.
ఎవరికీ అక్కర్లేనిది.
ఒక చుక్క బూజు మీద వేసి చూశాం.
బూజు తన పనిలో తానుంది.

సోమవారం
తొమ్మిదో మెట్టు దగ్గరికి దిగి
కొత్త ఫ్లాస్కు అడిగాను.
మునిరాజు ఏమీ అడగలేదు.
మంట పెంచి
బుగ్గలు పూరించాడు.