కుంటి పీట

చేపలరేవులో పాత మరబోటు విప్పేస్తుంటే
ఎల్లాజీ ఒక చెక్క కొన్నాడు.
రెండు వందలట, పైగా టీ కూడా తనే తాగించాట్ట.
బస్సులో ఎక్కనివ్వలేదు కండక్టరు.
కంచరపాలెం దాకా భుజాన మోసుకొచ్చి
కొత్త పెళ్ళికూతుర్ని దించినట్టు గుమ్మంలో దించి
"నీళ్ళియ్యి" అన్నాడు.
చెక్కకో, తనకో తేల్చుకోలేక
రెండు చెంబులు తెచ్చాను.

నీలం రంగు పొలుసుల్లా రాలుతోంది దాని ఒంటినుంచి.
ఒక మూల తెల్లగా "ల్లి" అని మిగిలింది,
ఏ పడవ పేరు తోకో.
"తల్లి" అన్నాను నేను.
"బల్లి" అంది మా గుంట హిమజ.
పళ్ళ మధ్య మేకు పెట్టుకుని తనూ ఏదో అన్నాడు,
అది పేరో తిట్టో తెలీలేదు.

నాలుగు ఆదివారాలు పట్టింది.
రంపం పక్కింటి సన్యాసమ్మది,
స్కేలు హిమజ జామెట్రీ బాక్సులోది,
ఉప్పుగాలికి తుప్పెక్కిన మేకులు మాత్రం మా సొంతం.
ఐదో ఆదివారం పీట నిలబడింది.
నిలబడిందంటే, మూడు కాళ్ళ మీద.
నాలుగోది నేలని ఇంకా నమ్మడం లేదు.
ఇరవై ఎనిమిదో నెంబరు బస్సు టికెట్టు మడిచి కింద పెట్టాం,
ఇల్లు తడిబట్ట పెట్టిన రోజున అది ముద్దయిపోయింది.
"అరిగితే అదే సర్దుకుంటాది" అన్నాడు ఎల్లాజీ.
అరగలేదు.
మేమే ఎడమకి కాస్త ఒరిగి కూర్చోవడం నేర్చుకున్నాం.

ఎడమకి ఒరిగితే ఒక లాభం ఉంది.
కిటికీ వెలుతురు సరిగ్గా చేతులమీద పడుతుంది.
నెత్తళ్ళు బాగు చేయడానికి అంతకన్నా ఏం కావాలి?
వేలెడు కూడా లేని చేప, తల తుంచితే పేగు దానంతటదే వస్తుంది.
ఒక్కటైతే ఆట.
అరకేజీ అయితే నడుం ఎక్కడుందో తెలుస్తుంది.
రాళ్ళుప్పు, పసుపు వేసి మూడుసార్లు రుద్ది కడిగి,
పుల్లమామిడి ముక్కలు కింద పరిచి,
దాకలో గరిటె పెట్టకుండా
రెండు చెవులూ పట్టుకుని కుదపడమే.
గరిటె పెడితే చేప చితికిపోద్ది,
అప్పుడది ఇగురు కాదు, జావ.

ముసురు పట్టిన రోజుల్లో
పీటలోంచి సముద్రం వాసన లేస్తుంది.
ఎర్రపిల్లి వచ్చి దాన్ని శ్రద్ధగా నాకి,
మా అందరివైపూ ఒకసారి చూసి
అవమానంగా వెళ్ళిపోతుంది.

మా ఆడపడుచు మొదటిసారి దానిమీద కూర్చుని
చారంతా చీరమీద ఒంపుకుంది.
"కొనుక్కోడానికి ప్లాస్టిక్కువి లేవేటర్రా?"
ఉన్నాయి. పూర్ణా మార్కెట్టు నిండా ఉన్నాయి.

పై వాటాలో సాలూరు కుర్రాడు ఫల్గుణ,
ఏదో పరీక్షకి చదువుతున్నాడు.
రోజూ కర్రీ పాయింటు పప్పు,
రబ్బరు బ్యాండు ముడి విప్పలేక పంటితో కొరకడం
మెట్లమీంచి చూసి ఒకరోజు పిలిచాను.
మొదటిసారి పరీక్ష హాల్లోలా నిటారుగా కూర్చున్నాడు.
పీట తన పని తాను చేసింది.
ప్యాంటు ఉతికి ఆరేసేదాకా ఎల్లాజీ లుంగీలో ఉన్నాడు.
రెండోసారి గోడ పట్టుకునే తిన్నాడు.

నిన్న మూడోసారి.
చెయ్యి కడుక్కుని వచ్చి,
ఏదో ఆలోచిస్తూ,
ఎడమకి ఒరిగి కూర్చున్నాడు.
ఎవరూ చెప్పలేదు.
హిమజ నావైపు చూసింది. నేను పొయ్యివైపు చూశాను.

మా ఇంట్లో దాక అడుగు ఎవరిదన్నది
ప్రతి ఆదివారం కొట్లాటే.
మాడీ మాడకుండా అంటుకున్న ఇగురులో
రెండు గరిటెల వేడన్నం వేసి,
నూనె మెరిసేలా గీకి కలిపి,
దాకతో సహా ఆ కుర్రాడి ముందు పెట్టాను.
"ఈరోజు నా వంతు!" అని అరిచింది హిమజ.
ఎల్లాజీ దానికి తన కంచంలోంచి మామిడి టెంక ఇచ్చి నోరు మూయించాడు.

ఫల్గుణ ముద్ద మింగి, ఎడంచేతి వేలితో
పీట మూలనున్న అక్షరం తడిమాడు.
"ఇది చెల్లి కదా అక్కా?"

కాదనలేదు ఎవరం.
గోడ అవతలనుంచి సన్యాసమ్మ
తన రంపం ఎప్పుడిస్తారని అడుగుతోంది.