గుండీల అంగడి, మధ్యాహ్నం పన్నెండున్నర

షావుకారుపేటలో ఆ సందుకు
ఎండ రోజుకు నలభై నిమిషాలే వస్తుంది.
వచ్చినప్పుడు మాత్రం
బాకీ వసూలుకు వచ్చినట్టు వస్తుంది.

రైలుపెట్టెంత పొడుగు, మంచమంత వెడల్పు అంగడి.
లోపలి కొసన ట్రైపాడ్ నిలబెట్టాను:
ఒక కాలు గోనెసంచి మీద,
ఒకటి పీట మీద,
మూడోది మునిరత్నమ్మ చెప్పుల పక్కన.
గోడల నిండా అట్టపెట్టెలు, ప్రతి పెట్టె నుదుట
లోపలి గుండీ ఒకటి బొట్టులా కుట్టి ఉంది.
గుమ్మం అవతల వీధి తెల్లగా మండుతోంది.

వీధికి కొలిస్తే అంగడి బొగ్గు.
అంగడికి కొలిస్తే వీధి సున్నం.
రెండూ ఒక్క చూపులో ఓర్చుకోలేదు కెమెరా.
అందుకే అదే బొమ్మ ఐదుసార్లు.

మొదటిదాంట్లో వీధి మాత్రమే ఉంది:
నీలం రేకు, తోపుడుబండి మీద కొత్తిమీర,
కరెంటు తీగ మీద కాకి, కాకి రంగులోనే.
చివరిదాంట్లో, రెండు సెకన్లు కన్ను మూయనిదాంట్లో,
వీధి పాలలా పొంగిపోయింది.
మూలలు మాత్రం నోరు తెరిచాయి.
చెత్తబుట్టలో నిమ్మతొక్క.
అడుగు అర పక్కన ఆమె భర్త పెన్సిలు రాత:
‘మాణిక్యం టైలరు, పదకొండు రూపాయల నలభై పైసలు.’
ఇద్దరూ పోయారు. బాకీ ఉంది.

“కదలకండమ్మా” అన్నాను.
“కదలకపోతే అంగడి ఎట్లా జరుగుతుంది నైనా?
రెండు కళ్లవా, నాలుగు కళ్లవా?”
రెండో మాట నాతో కాదు,
డజను గుండీలకు వచ్చిన కుర్రాడితో.

చిల్లర లెక్కపెడుతూ చెప్పింది.
పోయిన నెల ఎగ్మూరులో కుడికంటి శుక్లం తీశారట,
ఎడమది వచ్చే నెలట.
తెల్లగుండీ ఒకటి ఎత్తి పట్టుకుని
ఒక కన్ను మూసింది, తెరిచింది, ఇంకోటి మూసింది.
“దీనికి ముత్యం. దీనికి టీలో ముంచి తీసింది.
తెల్లచొక్కాకు మీగడరంగు ఇచ్చావని
అయ్యప్పన్ కోడలు అరిచిపోయింది రెండేళ్ల కింద.
నేనూ అరిచా.
ఆ పిల్ల ఇల్లెక్కడో తెలుసా నీకు?”

తెలీదన్నాను.
రెండు కళ్లూ తెరిస్తే ఎట్లా ఉంటుందని అడిగాను.
“లోపల ఎవరో సర్దుతారు” అంది. “ఎవరో ఏమో.”

నా గదిలో, పేరంబూరులో, సర్దేది నేను.
రాత్రి రెండింటికి ఐదు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పరిచాను.
స్లైడరు కొంచెం లాగితే నీడలో గుండీలు లేస్తాయి,
ఇంకొంచెం లాగితే
అట్టపెట్టెల చుట్టూ క్యాలెండరు దేవుళ్ల వెలుగు.
హెచ్.డి.ఆర్. అంటే క్లయింట్లకు అదే కావాలి:
మబ్బులకు కండలు, ఇటుకలకు చెమట.
వాళ్లకు అట్లాగే చేసిస్తాను. నాకూ అద్దె ఉంది.

ఇక్కడ వెనక్కి లాగాను.
వెనక్కి లాగగా మిగిలింది:
మునిరత్నమ్మకు నాలుగు చేతులు.
ఒకటి చిల్లరలో, ఒకటి డబ్బాలో,
ఒకటి కంటికి అడ్డంగా,
ఒకటి ఎక్కడుందో దానికే తెలియనట్టు పొగలా.
దయ్యాలను తీసేయమంటారా, అడిగింది సాఫ్ట్‌వేర్,
మర్యాదగానే.
మూడింటిని తీయమన్నాను.
కంటికి అడ్డం పెట్టింది ఉంచాను.
ఆ పసుపుఛాయ కూడా అప్పుడే తుడిచేశాను,
పాత ట్యూబులైటు తప్పని.

ప్రింటు పట్టుకెళ్లేసరికి రెండో కన్నూ అయిపోయింది.
“అడుగు అరలో ఇంత దుమ్ముందా!”
బొమ్మ నా చేతికిచ్చి చీపురు తీసింది.
ఊడ్చి, చెంగుకు చెయ్యి తుడుచుకుని, మళ్లీ అడిగి తీసుకుంది.
ఈసారి ముక్కు ఆనేంత దగ్గరగా.

“ఆ టీరంగు పోయింది నైనా, రెండింట్లోనూ.
ఆయన ఉన్నప్పుడంతా అంగడి ఆ రంగులోనే ఉండె.
నీ బొమ్మలో ఉందేమోనని చూస్తన్నా.”

ఎండ గడప దాటి గోనెసంచి దాకా వచ్చింది.
పాత ఫైళ్లు ఇంట్లో ఉన్నాయి, చూస్తానన్నాను.
ఆమె అప్పటికే ఎవరికో జిప్పు కొలుస్తోంది.