ఎడమచేతి చదువు

మూసారాంబాగ్ కాడ బండి జారిన నాడు
ఎడమ మణికట్టు ఇరిగింది.
నలభై రోజులకు కట్టు ఇప్పితే
లోపట నా చెయ్యి లేదు,
ఎవలిదో బక్క చెయ్యి, పాలిపోయి,
కిరాయికి తెచ్చినట్టు.

"వేళ్ళకు పని జెప్పు" అన్నది ఆసుపత్రిల ఫ్లోరా మేడం.
"పిండి పిసుకు, ఊలు అల్లు, ఏదన్న సరే."
నేను లిఫ్టులు బాగుజేసేటోణ్ణి.
పన్నెండో అంతస్తు మీద నిలబడి
ఇనుప తాళ్ళకు గ్రీజు రాసేటోణ్ణి.
ఊలంటే నాకెర్కైంది
కోఠిల చలికాలం స్వెటర్ల కుప్పలే.
ఈ ఊరికి చలి పదిహేను దినాలు,
అది గూడ చెప్పకుంట వచ్చే చుట్టం.

సుల్తాన్‌బజార్ల ఒక ఉండ, రెండు సూదులు కొన్న.
"చిన్నపిల్లలకా?" అన్నడు దుకాణపాయన.
"ఆఁ" అన్న, ఎందుకో.
మా ఇంట్ల చిన్నపిల్లలు లేరు.
అబద్ధానికి పది రూపాలు తగ్గించిండు.

పై అంతస్తు కుల్సుం బీ మెట్ల మీద కూసోబెట్టి నేర్పింది:
"ఏక్ సీదా, ఏక్ ఉల్టా.
భయపడకు బేటా,
ఉల్టా గూడ సీదానే,
అటు దిక్కు నుంచి చూస్తే."
ఆమె వేళ్ళు చూడకుంటనే నడుస్తయి,
ముచ్చట మామిడికాయ తొక్కు మీద ఉంటది.
నావి ఒక్కొక్క కుట్టు కాడ ఆగి
దారి అడుగుతయి.
ఇరవై రెండు కుట్లతోని మొదలుపెట్టిన వరుస
ఆ కొసకు పోయేటాలకు ఇరవై నాలుగైతది.
ఆ రెండు యాడికెల్లి వచ్చినయో
ఆమెకు గూడ తెల్వదు.

ఆదివారం కేకు.
ఓవెన్ లేదు. కుక్కర్ విజిల్ తీసి, రబ్బరు తీసి,
అడుగున దొడ్డుప్పు పోసి కాగబెట్టిన.
నల్లబడ్డ మూడు అరటిపండ్లు, బెల్లం, పెరుగు, గోధుమపిండి.
సోడా చిటికెడు అన్నరు.
ఎవరి చిటికెడు?
నా ఎడమచేతి చిటికె ఇంకా మూసుకోదు,
అందులకెల్లి ఎంత జారిందో, ఎంత ఆగిందో.

ముప్పై నిమిషాలకు ఇల్లంత వాసన.
ఉడికిందో లేదో గుచ్చి చూడాలె.
అగ్గిపుల్ల పొట్టిది. చీపురుపుల్లకు మనసొప్పలె.
చేతిల సూది ఉన్నది.
గుచ్చిన. తీసిన. పొడిగ వచ్చింది.
సంతోషంల మరిచిన సంగతి:
ఆ సూది మీద ఉండాల్సిన ఇరవై నాలుగు కుట్లు
బల్ల మీద నోళ్ళు తెరిచి చూస్తున్నయి.
ఒకదాన్ని పట్టబోతే రెండు జారినయి.
నాలుగు దినాల అల్లిక
మళ్ళ ఉత్త దారమైంది.

నీలవేణి డ్యూటీ దిగి వచ్చింది.
ఆమె బస్సుల కండక్టరు.
కేకు నడుమల మా గల్లీ లెక్కనే కుంగింది,
అయినా చెప్పులు ఇడ్వకముందే ఒక ముక్క తిన్నది,
"సోడా జర ఎక్కువ" అన్నది,
ఇంకో ముక్క తీసుకున్నది.
టికెట్ మిషన్ భుజం మీదికెల్లి దించితే
పట్టీ కోసిన గీత, ఎర్రగ.
తొమ్మిదేండ్ల సంది ఉన్నదట.
రెండు నెలల సంది ఇంట్లనే ఉన్న,
ఇయ్యాలనే చూసిన.

మళ్ళ మొదలుపెట్టిన, పన్నెండు కుట్లే.
జానెడు పొడుగు,
పట్టీకి చుట్టి కుట్టేటంత.
ఇటుక రంగు, అంచులు వంకర,
ఒక్క కాడ కన్నం, వేలు పడుతది.
చెయ్యి ఇంకా పిడికిలి పట్టదు గని
సూది పడుతది.

నిన్న బస్సుల ఎవరో అడిగిందట,
"ఇది యాడ కొన్నవక్కా?"
"ఏం జెప్పినవ్?" అన్న, కుక్కర్ల ఉప్పు సదురుకుంట.
"ఏం జెప్పాలె,
చిల్లర తియ్యమన్న."