సిమెంటు పట్టి

బుధారం నుంచి మొదలువెట్టాలె గాని
మంగళారం రాత్రే మొదలైంది:
అత్తమ్మ పండ్ల సెట్టు
గిలాసల లేదు.

నీళ్లున్నయి. గిలాస ఉన్నది.
పండ్లే పోయినయి.
మంచం కింద, పోపుల డబ్బల, ఆఖరికి
బియ్యం డ్రమ్ముల మోచేతి దాక పెట్టి దేవులాడినం.
ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని
తిడుతనే ఉన్నది,
పండ్లు లేక ఒక్క తిట్టు గూడ సమజ్ గాలె.
అది మా అదృష్టం.

తెల్లారి మా మన్విత్ గాడు
బోయపల్లి గేటు కాడ, రైలు కోసం ఆగిన బండ్ల నడుమ
సైకిల్ మీద నిలవడి, రెండు చేతులిడిసి
దోస్తుగానికి ఏందో చూపిచ్చిండంట.
రైలు సక్కగ పోయింది.
వీడే పడ్డడు.

దవాఖానల ఫొటో తీసి వెలుతురుకు పట్టి
"సన్న గీత, అంతే" అన్నడు డాక్టరు.
సన్న గీత!
నా కడుపుల అదెంత లావున్నదో
ఏ ఫొటోల వడ్తది?
మా ఆయన కురుమూర్తి
బోరు మోటర్లకు వైండింగ్ చేసేటోడు,
ఆ ఫొటో తిరగేసి మరగేసి
"కాయిల్ కాలలే, వైరే జర తెగింది" అన్నడు.
నవ్వద్దనుకున్న.
నవ్విన. అప్పుడొచ్చింది ఏడుపు.

బేస్తారం మట్టిగొట్టుకపోయిన బ్యాగు ఉతుకుదామని
పుస్తకాలు తీసి ఎండకేసిన.
కంపాస్ డబ్బ తెరిస్తే
వృత్తలేఖిని పక్కన, రబ్బరు పక్కన
అత్తమ్మ నవ్వుతున్నది.
గేటు కాడ వాడు చూపిచ్చింది
సైకిల్ ఇద్దె గాదు.

కొడుదామంటే చెయ్యి విరిగుండె.
అత్తమ్మ పండ్లు కడుక్కొని, పెట్టుకొని,
రెండు రోజుల తిట్లు మొదటికెళ్లి
సాఫ్ సాఫ్‌గ మల్ల తిట్టింది.

శుక్రారం జడ్చర్లల పెండ్లి.
పక్కపక్కనే రెండు ఫంక్షన్ హాళ్లు,
రెండిట్ల ఒక్కటే తీరు పూలు, ఒక్కటే తీరు పాట.
ఐదునూట పదార్లు రాయిచ్చినం, అక్షింతలేసినం,
ఫొటో దిగినం.
నాలుగు ముద్దలు తిన్నంక ఆడబిడ్డ ఫోను:
"ఏడున్నరు వదినా, తలంబ్రాలయితున్నయి!"
ఇప్పుడు ఎవరింటి ఆల్బంలనో
మేమైదుగురం నవ్వుకుంట ఉన్నం,
నడుమల తెల్లటి చెయ్యి ఎత్తి మా పిలగాడు.
వాళ్లు సూసి సూసి ఏమనుకుంటరో.
అసలు పెండ్లికి ఉత్త చేతులతో పోయినం.
అత్తమ్మ మాత్రం అక్కడ గూడ కూసుండి తిన్నది,
పండ్లు దొరికిన సంబురానికి.

శనారం ఏం గాలె.
అదే భయమయింది.

ఐతారం మరిది పర్వతాలు ట్రాలీ ఆటో తెచ్చి
"పిలగాడు ఇంట్ల పడి మూల్గుతున్నడు, జూరాల పోదం పా" అన్నడు.
పోతే గేట్లన్ని మూసున్నయి.
నీళ్లు ఏం ఎరుగనట్టు పండుకున్నయి.
చేపలైతే తిన్నం, కారం మండి ముక్కులు కారంగ.
ముండ్లు తీసి వాని నోట్ల పెట్టింది
మల్ల అత్తమ్మనే.

వాపసొస్తుంటె ఆత్మకూరు దాటంగనే టైరు పంక్చరు.
జాకీ షెడ్డుల ఉన్నదంట.
గొర్లు కాసేటాయన మనుషులను పిల్చుకరాను పోయిండు,
మేము రోడ్డు పక్కన బండ మీద.

ఏం తోచక పర్వతాలు జేబుల పెన్ను తీసి
పట్టి మీద వాని పేరు రాసిండు, కింద ఫోన్ నంబరు.
మా ఆయన మోటరు బొమ్మేసిండు.
చిన్నది పింకీ తన పేరే మూడు సార్లు, మూడోసారి తప్పు.
"నాకేడ రాయొస్తది" అనుకుంటనే పెన్ను గుంజుకొని
అత్తమ్మ సుక్కలు పెట్టింది,
ఏడు, ఐదు, మూడు.
పొద్దుగూకేదాక
సన్న గీత ఉన్న జాగల
ముగ్గు.

నేనింక ఏం రాయలే.
బొటనేలు కాడ ఇంత జాగ ఉన్నది,
మూడు వారాలున్నయి గద.
రోజు తానం పోసేముందల
దానికి పాలకవరు తొడిగి
రబ్బరు బ్యాండు ఏస్తున్న.

గిలాసకిప్పుడు మూత వచ్చింది.
మూత మీద రోలు బండ.