పిరెం

నాలుగు తావల అడిగొచ్చి
అయిదో తావ నా ముందర గొంతుక్కూచుంటాది ఆ పిల్ల.
భుజాన గుడ్డసంచి, చేతిలో చిన్న పుస్తకం,
చెవి మీద పెన్సిలు, వడ్రంగాయన మాదిరి.

పేరు హిరుత్. ఇథియోపియా నించి
తిరుపతికి చదవను వచ్చింది.
రైతు బజార్లో ఎర్రగడ్డలు కిలోకి మూడ్రూపాయలు తగ్గుతాయని
కొర్లగుంట నించి నడిచొస్తాది ఎండలో.
ఆటో ఎక్కితే ఆ మిగిలింది ఆటోకే సరి.
ఈ లెక్క నాకెవురూ చెప్పబల్లే.

ఒగసారి తొంగి చూసినా ఆ పుస్తకంలోకి.
కాళ్లూ చేతులూ ఉండే అచ్చరాలు.
అంకెలు మాత్రం మనయే.
గాంధీరోడ్డు శెట్టి కాడ కందిపప్పు,
రాత్రి ఎనిమిది దాటినాక టమాటా,
వాన పడిన రోజు కొత్తిమీర, దాని మీద అడ్డంగా గీత.
నా పేరు రాయలా. ఆకు బొమ్మ గీసి
పక్కన మూడు, ఆ పక్కన పది.

నేనూ రాసినా ఇట్టాంటి పుస్తకం, కువైట్లో.
శుక్రారం సెలవిస్తే
సొట్టబోయిన డబ్బాలు సగానికమ్మే అంగడికి
రెండు బస్సుల దూరం నడిచేదాన్ని.
ఏది చేతికి తీసుకున్నా
ముందు మనూరి రూపాయల్లోకి మార్చి,
గుండె జారి, మళ్లా అరలోనే పెట్టేసేది.
పుదీనా కట్టకి అంత డబ్బా!
మా బాయి గట్టున దాన్ని మేకలు కూడా మూతి తిప్పుకునేవి.

ఆ వంటింట్లో నాతో గిన్నెలు తోమిన మనిషి అస్కాలె.
దానికి తెలుగు రాదు, నాకు దాని మాట రాదు.
ఇద్దరికీ వచ్చిన అరబ్బీ మొత్తం
తిట్లూ, సామాన్ల పేర్లూ.
దాంతోనే ఏడేండ్లు మాట్లాడుకున్యాం.

మొన్న హిరుత్ మెంతాకు ఎత్తి, ఊపి చూసి, దించి,
తనలో తాను గొణుక్కునింది: "వుద్ద్."
నీళ్లు చల్లతా ఉన్న నా చెయ్యి ఆడే నిలబడిపాయ.
"పిరెం గాదు మే, రికాష్" అన్నా.
వేళ్లు మడిచి "అంద్, హులెత్, సోస్త్,
మూడు కట్లు పదే" అన్నా.

పెన్సిలు జారి బెండకాయల్లో పడింది.
ఎత్తుకోలా ఆ పిల్ల.
గడగడా ఏందేందో చెప్పింది,
వాననీళ్లు తూము తెగినట్టు.
నాకొచ్చింది ఆ నాలుగు ముక్కలే గదా,
తలకాయ మాత్రం ఊపతా ఉండా.
పక్కంగడి గంగులప్ప తక్కెడ వదిలేసి చూస్తాన్నాడు.

వుద్ద్ అంటే ధర ఎక్కువని
అంగళ్లల్లో నాకు నేర్పింది అస్కాలెనే.
నాకు జరమొచ్చిన రాత్రి
తడిగుడ్డ నొసట పెడతా కూడా అదే మాటనింది,
చివర్న రొంత సాగదీసి, "వుద్దే" అని.
మందుల ఖర్చు గురించేమో అనుకున్యా.
ఏం చేసేది, తెల్లార్లూ దినార్లు లెక్కేసుకుంటా పండుకున్యా.

ఇప్పుడు చెప్తాది హిరుత్, రెండర్థాలంట దానికి.
మన పిరెం మాదిరే.
అంగట్లో అంటే కొనలేమని,
జాబు మొదట్లో రాస్తే ఇంగోటి.
అస్కాలె యాడుందో. దాని నంబరు
పాత ఫోనుతో పాటే పాయ.

ఈ వారం స్టీలు డబ్బాలో ఏందో తెచ్చింది.
వాళ్ల దేశపు పిండి ఈడ దొరకలేదంట,
రాగిపిండి మూడురోజులు పులియబెట్టి పోసింది.
దోసె గాదు, సంగటి గాదు, వొళ్లంతా కండ్లే.
గంగులప్పా నేనూ ఊరిబిండి అద్దుకోని తిన్యాం.
పుల్లగా బాగుంది. మెచ్చుకుంటే నవ్వింది.

నవ్వి, డబ్బా కడుక్కోని,
మెంతాకు ముందర గొంతుక్కూచోని
నాలుగు వేళ్లు చూపిస్తాది: "అరాత్."
పదికి నాలుగంట!
ఇంత జరిగినాక కూడా.
తిట్టినా, దాని భాషలో రాక, అరబ్బీలో.
ఇచ్చినా.
పుస్తకం తీసి మూడు కొట్టేసి
నాలుగు రాసుకోని
పెన్సిలు మళ్లా చెవి మీద పెట్టుకునింది.