నడిమి బొమ్మలు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వెనక
పీచు గొడౌను మీద రేకుల గది.
నాలుగు తెరలు, ఒక ఇన్వర్టర్, నేను, ఇంకో ముగ్గురు.
టోక్యోలో ఎవరో మొదటి బొమ్మ వేస్తారు,
ఆఖరి బొమ్మా వాళ్లే వేస్తారు.
నడిమివి మావి.
కత్తి ఎత్తిన చేతికీ దించిన చేతికీ మధ్య
ఎవరికీ గుర్తుండని పదకొండు చేతులు
మా రేకుల కింద పుడతాయి.

ఈ వారం వచ్చినవాడు సన్యాసి.
ఎనిమిది వందల ఏళ్ల నాటి మనిషట.
లోపల దొర ప్రాణం వదులుతుంటే
బయట వంతెన మీద ఒక్కడే కాపలా.
ఒళ్లంతా బాణాలు, ఏదుపందిలా.
దగ్గరికి రావడానికి ఎవడికీ గుండె చాల్లేదట.
ఓ గుర్రం రాసుకుపోతే ఒరిగాడట,
అప్పుడుగానీ తెలీలేదట
పోయి చాలాసేపైందని.

నాకీ కథ చెప్పింది పక్క సీటు సుపర్ణ కొడుకు, ఏడో తరగతి.
వాడికి వాళ్లంతా చుట్టాలే:
పండులోంచి పుట్టి, కుక్కనీ కోతినీ వెంటేసుకుని
రాక్షసుల లంక మీదికి పోయినవాడు,
కొండల్లో ఎలుగుతో కుస్తీ పట్టిన గొడ్డలి పిల్లోడు.
ఇప్పటి బొమ్మల్లో జుట్టు ముళ్లలా లేచిన ప్రతి కుర్రాడి వెనకా
ఓ ముసలి వీరుడు నిలబడుంటాడంటాడు.
"చచ్చినా పడనివాడు ముందొకడు లేకపోతే, అత్తా,
వీళ్లలో సగం మంది మొదటి ఎపిసోడ్‌లోనే పడిపోదురు."

పని చీటీలో ఉన్నది ఇంతే:
నలభై ఎనిమిది ఫ్రేములు. మనిషి కదలకూడదు.
బట్ట ఊగాలి.
పోయినట్టు తెలియకూడదు, ఉన్నట్టూ తెలియకూడదు.

మూడుసార్లు వేశాను, మూడుసార్లూ తిరిగొచ్చింది.
ఓసారి దిష్టిబొమ్మలా ఉందన్నారు.
ఓసారి బస్సు కోసం చూస్తున్నట్టుందన్నారు.
మూడోసారి ఏమీ అనలేదు,
అది ఇంకా కష్టం.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ కుయ్యోమంది.
చీకట్లో, ఎందుకో, ఏటిగట్టు.

ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేసిన ఏడు.
మా నాన్న నేలపూడి ఏసుపాదం, లస్కరు.
గట్టుకి బుంగ పడిందని తెలిసి
ఇసక బస్తా ఒకటి కాళ్ల కింద తొక్కిపట్టి
తెల్లవార్లూ దాని మీదే నిలబడ్డాడు.
పొద్దున్నే అమ్మ క్యారేజీ ఇచ్చి పంపింది.
దూరం నుంచే పిలిచాను.
తిరగలేదు.
నీళ్లు గట్టు అంచుకి నాలుక చాస్తున్నాయి,
చచ్చిన కోడి ఒకటి సుడిలో తిరుగుతోంది,
ఆయన భుజం మీద తువ్వాలు కొస మాత్రం
లేస్తోంది, పడుతోంది.
మళ్లీ పిలిచాను.

ఆ రెండో పిలుపుకీ
"కూరేంటే?" అని ఆయన మెడ తిప్పడానికీ నడుమ
ఎన్ని ఫ్రేములో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
మోకాళ్లు వంగక ఇద్దరు మోసుకొచ్చారు, దూలాన్ని మోసినట్టు.
దార్లో చేపల పులుసు బాగుందన్నాడు.
పదేళ్ల తర్వాత మామూలు జ్వరంతో
మామూలు మంచం మీద, పడుకునే పోయాడు.
ఆయనకి వీరగాథా లేదు, రిటైర్మెంట్ ఫోటో కూడా మసక.

కరెంటొచ్చాక వేశాను.
కాలి బొటనవేలు బురదని పట్టుకున్నట్టు,
మెడ తిరగబోయి ఆగినట్టు.
ఆగడమే. తిరగడం వెయ్యలేదు.

ఓకే అన్నారు.
సన్యాసి గుడ్డ అంచున పోగు ఒకటి ఊడి వేలాడుతోంది,
అసలు బొమ్మలో లేదు కదా, తీసెయ్యనా అన్నారు.
ఉండనివ్వండి అన్నాను.
ఏమనుకున్నారో, ఉంచారు.

రెండే రెండు సెకన్లు తెర మీద.
సుపర్ణ కొడుకు వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నాడు.
"చూడత్తా, పడలేదు."
కింద పీచు లారీ రివర్సు తీస్తోంది,
రేకులు అదురుతున్నాయి,
"చూశాన్రా," అన్నాను,
"పొద్దున్న దాకా పడడు."